చలికాలం పోయే వేళ కొలనులో చేపల కదలికను గమనించడం ఎలా

చలికాలమంతా పెరటి కొలను అడుగున రాయిలా పడి ఉన్న చేప ఒక మధ్యాహ్నం తోకను మెల్లగా ఊపి, జానెడు దూరం ముందుకు జరిగి మళ్లీ ఆగిపోతుంది. దారిన పోయేవాళ్లకు అది కంట పడదు. నెలల తరబడి ఆ నీటి వైపు చూస్తూ గడిపినవారికి ఆ జానెడు కదలికే పండుగ. ఆ సంబరంలో చాలామంది చేసే మొదటి పని మేత డబ్బా తెచ్చి గుప్పెడు గుళికలు చల్లడం. దయచేసి ఆ పని చేయకండి. మొదటి మూడు నాలుగు వారాలు చేతికి పని తక్కువ, కంటికి పని ఎక్కువ. ఎక్కడ కూర్చోవాలి, ఏమి చూడాలి, చూసినదాన్ని బట్టి ఎప్పుడు చేయి కదపాలి అన్నదే ఇక్కడ వివరిస్తాను.

ఇదంతా గోల్డ్‌ఫిష్, కోయి వంటి కార్ప్ కుటుంబపు చేపలున్న ఇంటి కొలనులకు, అందులోనూ చలికాలంలో నీరు 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చల్లబడే చోట్లకు వర్తిస్తుంది. ఏడాది పొడవునా నీరు వెచ్చగా ఉండేచోట చేపలు ఇలా స్తబ్ధతలోకి జారవు.

ముందు అడుగున ఏమి జరుగుతోందో తెలుసుకోండి

చేప శరీరానికి సొంత వేడి ఉండదు. నీరు ఎంత ఉంటే ఒళ్లు అంతే. నీటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. దాదాపు 4 డిగ్రీల దగ్గర అది అన్నిటికంటే బరువుగా ఉంటుంది, ఇంకా చల్లబడితే తేలికై పైకి వస్తుంది. అందువల్ల పైన మంచు పొర కట్టినా, తగినంత లోతున్న కొలను అడుగున నీరు 4 డిగ్రీల చుట్టుపక్కల నిలుస్తుంది. చేపలు చేరేది అక్కడికే. గుండె నెమ్మదిస్తుంది, మొప్పల కదలిక తగ్గుతుంది, శరత్తులో కూడబెట్టుకున్న కొవ్వు కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం పొలుసు మీద ఇరుకైన వలయంగా మిగిలిపోతుంది. చేప వయసును ఆ వలయాలను బట్టే లెక్కిస్తారు.

గోల్డ్‌ఫిష్‌కు ఇంకో నేర్పు కూడా ఉంది. మంచు కింద ఆక్సిజన్ పూర్తిగా అడుగంటినా, ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల గుండా బయటికి వదిలేస్తూ కొంతకాలం బతకగలదు. కోయికి ఆ శక్తి లేదు. ఒకే కొలనులో రెండూ ఉంటే, కష్టమైన చలికాలం తర్వాత ముందుగా కోయిల మీద కన్ను వేయమని చెప్పేది అందుకే.

వెచ్చదనం 10 డిగ్రీలు పెరిగితే శరీరం పనిచేసే వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. 6 డిగ్రీల నీటిలోని చేప, 16 డిగ్రీల నీటిలోని చేప ఒకటే అయినా ఒకటి కాదు. అయితే శరీరంలో అన్నీ ఒక్కసారిగా మేలుకోవు. ముందు కదలిక వస్తుంది. దాని వెంట ఆకలి. జీర్ణశక్తి ఆ తర్వాత. రోగాన్ని తట్టుకునే శక్తి అన్నిటికంటే ఆలస్యంగా, సుమారు 12 డిగ్రీలు దాటాక గాని సరిగా కుదురుకోదు. పుండ్లు పుట్టించే ఏరోమోనాస్ వంటి బాక్టీరియా మాత్రం అంతకు ముందే విజృంభించగలదు. చేప కదిలింది కదా అని కోలుకున్నట్టు లెక్కవేయకూడదు. వసంతంలో ఇంటి కొలనుల్లో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు నుంచే పుడతాయి.

మంచు ఇంకా పూర్తిగా పోకపోతే

పగలగొట్టకండి. సుత్తి దెబ్బ అదురు నీటి గుండా నేరుగా చేప ఒంటికి తగులుతుంది. వేడినీళ్లు పోసిన గిన్నెను మంచు మీద ఉంచితే అది తనంత తానే గుండ్రంగా కరిగిస్తుంది. ఆ రంధ్రం గుండా అడుగున కుళ్లిన ఆకుల నుంచి పుట్టిన వాయువులు బయటికి పోతాయి. అది చాలు.

థర్మామీటరును లోతుకు దించండి

క్యాలెండరును పక్కన పెట్టండి. ఒకే నెలలో ఒక ఏడాది 5 డిగ్రీలు, ఇంకో ఏడాది 11 డిగ్రీలు ఉండవచ్చు. నీటి వేడి కొలిచే మామూలు థర్మామీటరుకు దారం కట్టి, చేపలు పడుకునే లోతుకు దించండి. పైపైన ముంచి తీస్తే అది చెప్పేది ఎండ గురించి, చేప గురించి కాదు. వెచ్చని మధ్యాహ్నం పై నీరు 12 డిగ్రీలు చూపుతుంటే అడుగున 7 ఉండటం మామూలే.

రోజుకు రెండుసార్లు చూడండి. పొద్దుటే ఎండ పడకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఇంకోసారి. ఈ రెండింటిలో పొద్దుటి అంకే ముఖ్యం. చేప రాత్రంతా గడిపేది ఆ నీటిలోనే. మధ్యాహ్నం తిన్నదాన్ని అరిగించుకోవలసింది కూడా ఆ రాత్రే.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, రెండు అంకెలు, ఆ రోజు చూసిన ఒక్క విషయం. 'బూడిదరంగుది మెట్టు మీదికి వచ్చింది', 'ఎవరూ కదల్లేదు', 'నల్ల మచ్చది ఒంటరిగా ఉంది' ఇలా ఒక్క వాక్యం చాలు. రెండో ఏడాది నుంచి ఆ పుస్తకానికి ఏ సలహా సాటిరాదు. మీ కొలను లోతు, దాని మీద నీడ, దానికి తగిలే గాలి మరెక్కడా ఉండవు.

ఎక్కడ, ఎలా కూర్చోవాలి

దీన్ని చాలామంది పట్టించుకోరు. కానీ గమనించడంలో సగం ఇక్కడే ఉంది.

చేప నీటిలోంచి పైకి చూసినప్పుడు బయటి లోకమంతా దాని తల పైన ఒక గుండ్రని కిటికీలోకి కుదించుకుపోయి కనిపిస్తుంది. ఆ కిటికీ వెడల్పు సుమారు 97 డిగ్రీల కోణం. దాని బయట నీటి పైపొర అద్దంలా మారి కొలను అడుగునే ప్రతిబింబిస్తుంది. మీరు గట్టున నిటారుగా నిలబడితే ఆ కిటికీలో నల్లగా, ఎత్తుగా కనిపిస్తారు. ఆ ఆకారం దానికి కొంగే. కాస్త వెనక్కి జరిగి చిన్న పీట మీదో నేల మీదో కూర్చుంటే కిటికీ అంచున సన్నని చారగా మిగులుతారు. మీ నీడ నీటి మీద పడకుండా చూసుకోండి. సూర్యుడు పక్క నుంచి ఉండేలా కూర్చోవడం మేలు.

నడక కూడా మెత్తగా ఉండాలి. చేప ఒంటి పొడవునా ఉండే పార్శ్వరేఖ నీటిలోని అతి చిన్న కదలికనూ పసిగడుతుంది. పైగా కార్ప్ కుటుంబపు చేపలకు గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు ఉంది. అందుకే వాటి వినికిడి చాలా చేపలకంటే చురుకైనది. చేపలు వినలేవని అందరూ నమ్మిన రోజుల్లో, 1923లో, కార్ల్ ఫాన్ ఫ్రిష్ చూపులేని ఒక క్యాట్‌ఫిష్‌ను ఈల వేస్తే మేతకు వచ్చేలా అలవాటు చేసి వాటికి వినికిడి ఉందని చూపించాడు. మీ కోయి మీ అడుగుల చప్పుడును గుర్తుపట్టి పైకి వస్తే అది మీ భ్రమ కాదు.

పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి. నీటి మీద ఆకాశపు మెరుపును అవి కోసేస్తాయి. అప్పటిదాకా వెండిరేకులా ఉన్న కొలను ఒక్కసారిగా అడుగుదాకా తెరుచుకుంటుంది. అవి లేకపోతే గాలి లేనప్పుడు, కొలనులో ముదురు రంగున్న వైపు నుంచి చూడండి.

కూర్చున్న తర్వాత మొదటి పది నిమిషాలు దేన్నీ లెక్కలోకి తీసుకోకండి. అంతవరకు మీరు చూసేది చేపల సహజ నడవడి కాదు, మీ రాకకు వాటి స్పందన. మీరు వచ్చారన్న సంగతి అవి మరిచాకే అసలు నడవడి మొదలవుతుంది.

ఏమి చూడాలి

నీరు 4, 5 డిగ్రీలుండగా చేపలు అడుగున ఒకదాని పక్కన ఒకటి, తరచుగా అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి ఉంటాయి. ఈ దశలో చూడవలసింది మొప్పల మూతలను. అవి చాలా నెమ్మదిగా, కానీ ఒక లయలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే అంతా బాగానే ఉన్నట్టు. కళ్లు తెరిచి ఉన్నాయని మెలకువగా ఉన్నట్టు కాదు. వాటికి రెప్పలే లేవు. మందగా ఉన్నవాటిలో ఒకటి దూరంగా, పై నీటికి దగ్గరగా వేలాడుతుంటే దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి.

6 నుంచి 8 వరకు గుంపు సడలుతుంది. కదలిక మొదట రొమ్ము రెక్కల్లో కనిపిస్తుంది. ఒళ్లు కదలదు, రెక్కలు మాత్రం విసనకర్రలా మెల్లగా ఆడుతుంటాయి. ఆ తర్వాత తోక.

8 దాటాక వచ్చే దృశ్యం నాకు ఏడాదంతటిలో అన్నిటికంటే ఇష్టం. మధ్యాహ్నం ఎండ ఏ మూల లోతు తక్కువ నీటిని ముందుగా వెచ్చబరుస్తుందో, సరిగ్గా అక్కడికి చేపలు వచ్చి నిలుస్తాయి. ఈదవు, తినవు, వీపును ఎండకు అప్పగించి ఊరికే ఉంటాయి. ఎండ తప్పుకోగానే ఒక్కొక్కటీ లోతుకు దిగిపోతాయి. మర్నాడు అదే మూలకు, దాదాపు అదే వేళకు వస్తాయి. మీ కొలనులో ఆ మూల ఏదో కనిపెట్టండి. రాబోయే వారాల్లో పరీక్షగా చూడటానికి అంతకంటే మంచి చోటు దొరకదు. వీపులు, రెక్కలు, పొలుసులు అన్నీ మీ ఎదుటే ఉంటాయి. కొంగకు కూడా ఆ మూల తెలుసు. చల్లని నీటిలో చేప తప్పించుకునే వేగం సగం కూడా ఉండదు. కాబట్టి ఆ మూల మీద వల కప్పేది చెట్లు చిగురించాక కాదు, ఇప్పుడే.

10 డిగ్రీల దగ్గర నోళ్లు కదులుతాయి. ఒక చేపను ఎంచుకుని దగ్గరగా చూడండి. రాతి మీది నాచు దగ్గరికి వెళ్లి పెదవులను గొట్టంలా ముందుకు చాపి ఒక్క గుక్కలో పీలుస్తుంది. కాసేపు నములుతున్నట్టు గొంతు ఆడుతుంది. దవడల్లో పళ్లుండవు, గొంతులోనే ఉంటాయి. తర్వాత మొప్పల కింద నుంచి సన్నని బురద పొగ రెండు వైపులా వస్తుంది. పనికిరాని ఇసుకరేణువు నోటి నుంచి 'తుప్పు'మని బయటికి పడుతుంది. చేప ఆ రాయిని వదలకుండా అంగుళం పక్కకు జరిగి మళ్లీ మొదలుపెడుతుంది. ఇది చూశాక మీకు ఒక సంగతి అర్థమవుతుంది: మీరు వేయకపోయినా అది తింటోంది. తనకు ఎంత అరుగుతుందో అంతే, ఎంత నెమ్మదిగా కావాలో అంత నెమ్మదిగా.

12 నుంచి 15కు వచ్చేసరికి గుంపుగా తిరగడం, మీరు రాగానే పైకి తేలడం, నోళ్లు తెరిచి అడగడం మొదలవుతాయి. అప్పుడు అవి మీ మనసును కరిగిస్తాయి.

మొదటి మేత ఎప్పుడు

పొద్దుటి అంకె వరుసగా ఒక వారం 10 డిగ్రీలకు తగ్గకుండా ఉన్న తర్వాత. మధ్యాహ్నపు అంకెను చూసి కాదు, చేపలు అడిగాయని కాదు.

కారణం చేప ఒంట్లోనే ఉంది. కార్ప్ కుటుంబపు చేపలకు జీర్ణాశయం లేదు. గొంతు దాటిన ఆహారం నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. కడుపులో దాచుకుని నిదానంగా అరిగించే వీలు లేదు. చల్లటి నీటిలో జీర్ణరసాలు మందంగా పనిచేస్తాయి. రెండు మూడు ఎండ రోజుల తర్వాత చలి మళ్లీ తిరగబడితే తిన్నది పేగులో నిలిచిపోయి చెడుతుంది. ఒక ఏడాది నేను అలాగే మూడు వెచ్చని రోజులు చూసి మేత వేశాను. నాలుగో రోజు నీరు 6కు పడిపోయింది. పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగిన ఒక తెల్ల కోయిని రెండు వారాలు కాపాడుకోవాలని చూశాను. బతకలేదు. వారం రోజుల నియమం నాకు ఆ చేప నేర్పింది.

మొదటిసారి వేసేది గోధుమ మొలక ఆధారంగా చేసిన గుళికలు కావాలి. అవి చల్లటి నీటిలోనూ సులువుగా అరుగుతాయి. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న వేసవి మేతను 18 డిగ్రీలు దాటేవరకు తెరవకండి. చేపకు ఒకటి రెండు గుళికల లెక్కన, మధ్యాహ్నం పూట, రెండు మూడు రోజులకు ఒకసారి వేయండి. రెండు మూడు నిమిషాల్లో తినగా మిగిలినవి చిన్న వలతో తీసేయండి. 15 దాటాక రోజూ ఒకసారి వేయవచ్చు. మధ్యలో చలి వచ్చి పొద్దుటి అంకె 10కి దిగువకు పోతే వెంటనే ఆపేయండి. అవి ఆకలితో చావవు. శరత్తులో బాగా తిన్న చేపకు ఇంకా కొవ్వు నిల్వ ఉంటుంది, రాళ్ల మీద నాచు ఉంటుంది.

గత ఏడాది మిగిలిన మేత డబ్బాను వాసన చూడండి. కమురు వాసన వస్తే పారేయండి. కొవ్వు చెడిన మేత చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

నీరు కూడా మేలుకోవాలి

చేప మొప్పల నుంచి విడిచే అమ్మోనియాను ఫిల్టరులో ఉండే బాక్టీరియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. 10 డిగ్రీల లోపు ఆ బాక్టీరియా పని చాలా మందగిస్తుంది, 5 దగ్గర దాదాపు ఆగినట్టే. అంటే చేపలు తినడం మొదలుపెట్టే సమయానికి ఫిల్టరు ఇంకా సిద్ధంగా ఉండదు. మీరు వేసే ప్రతి గుప్పెడు మేత అమ్మోనియాగా మారి నీటిలోనే ఉండిపోతుంది.

అందువల్ల మేత మొదలుపెట్టిన రోజు నుంచి వారానికి రెండుసార్లు అమ్మోనియా, నైట్రైటు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పరీక్ష చేయండి. అమ్మోనియా సున్నా ఉండాలి. పీహెచ్‌ను మధ్యాహ్నం కూడా చూడాలి. నాచు ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చేయడంతో సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే మొత్తం అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు 10 రెట్లవుతుంది. పొద్దుట ప్రమాదం లేదనిపించిన నీరు సాయంత్రం మొప్పలను కాల్చవచ్చు. అమ్మోనియా అంకె పైకి పోతే మేత ఆపి, నీటిలో పదో వంతు మార్చండి. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించే మందు కలిపాకే పోయండి. కొత్త నీటికి, కొలను నీటికి వేడిలో ఎక్కువ తేడా ఉండకూడదు.

చలికాలంలో పంపును అడుగు నుంచి పైకి ఎత్తి ఉంటారు, లేదా ఆపి ఉంటారు. అడుగున ఉన్న కాస్త వెచ్చని నీటిని పైనున్న చల్లటి నీటితో కలపకుండా ఉండటానికి అది మంచిది. పై నీరు, అడుగు నీరు రెండూ ఒకే అంకె చూపినప్పుడు దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టండి. ఫిల్టరు స్పాంజీలను కుళాయి కింద కడగకండి. క్లోరిన్ ఆ మిగిలిన కాస్త బాక్టీరియానూ చంపుతుంది. కొలను నీరే ఒక బక్కెట్లో తీసుకుని అందులో పిండి పెట్టేయండి. అడుగున పేరుకున్న ఆకుల మడ్డిని ఒకేరోజు మొత్తం తోడేయాలన్న ఉత్సాహాన్ని కూడా అణచుకోండి. వారానికి ఒక మూల చాలు. అలా తీసేటప్పుడు ఆకుల్లో కప్ప పిల్లలు, తూనీగ పురుగులు ఉంటాయి. తీసిన మడ్డిని గట్టున ఒక రాత్రి ఉంచితే అవి తమ దారి చూసుకుని నీటిలోకి పోతాయి.

వసంతంలో నీరు ఆకుపచ్చగా మారితే భయపడనక్కర్లేదు. నీటిమొక్కలు పెరగకముందు పోషకాలన్నీ సూక్ష్మ నాచుకే దక్కుతాయి కాబట్టి అలా జరుగుతుంది. మొక్కలు అందుకోగానే చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ నాచు రాత్రిపూట ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. నీరు వెచ్చబడేకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. లీటరుకు 0 డిగ్రీల వద్ద సుమారు 14.6 మిల్లీగ్రాములు, 10 వద్ద 11.3, 20 వద్ద 9.1. అందుకే తెల్లవారకముందు ఒకసారి టార్చి పట్టుకుని చూసి రండి. చేపలు పైన మూతులు తేల్చి గుటకలు వేస్తుంటే గాలి పంపును రాత్రంతా నడపాలి. పగలు ఎంత చూసినా ఇది తెలియదు.

చూస్తుండగా ఏదో తేడాగా అనిపిస్తే

ఆరోగ్యమైన చేప మేలుకోవడం ఎలా ఉంటుందో కొన్ని వారాలు చూసిన కంటికి తేడా వెంటనే పట్టుబడుతుంది. రెక్కలు ఒంటికి అతుక్కుని ఉండటం, మంద లోతుకు దిగిపోయినా ఒకటే పైన మిగలడం, ఒళ్లు ఒక్కసారి మెరిసేలా పక్కకు తిరిగి రాతికి రుద్దుకోవడం, పొలుసు కింద ఎర్రటి మచ్చ, ఇవి ముఖ్యం. రోజుకు ఒకసారి రుద్దుకుంటే చింత లేదు. పది నిమిషాల్లో అయిదారుసార్లు, అదీ రెండు మూడు చేపలు చేస్తుంటే ముందు నీటిని పరీక్షించండి, తర్వాత పరాన్నజీవుల కోసం చూడండి. చేప పేను చదునుగా, పారదర్శకమైన చిన్న బిళ్లలా ఒంటి మీద పాకుతుంది. లంగరు పురుగు పొలుసుల మధ్య నుంచి వేలాడే దారపు ముక్కలా కనిపిస్తుంది. రెండూ మామూలు కంటికే ఆనుతాయి.

తెల్లచుక్కల దగ్గర ఒక జాగ్రత్త. గోల్డ్‌ఫిష్ మగవాటికి ఈ రుతువులో మొప్పల మూతల మీద, రొమ్ము రెక్కల ముందు అంచున తెల్లటి సన్నని బుడిపెలు వస్తాయి. వరుసగా, కుట్టుపనిలా, రెండు వైపులా ఒకేలా ఉంటాయి. అది జబ్బు కాదు, జత కట్టే వయసు గుర్తు. తెల్లచుక్కల వ్యాధి అయితే చుక్కలు క్రమం లేకుండా ఒంటి మీద, తోక మీద, ఉప్పు చల్లినట్టుగా ఉంటాయి. ఈ తేడా తెలియక ఆరోగ్యమైన చేపలకు మందులు పోసినవారు ఉన్నారు.

కార్ప్ చేపలకు వసంతంలోనే వచ్చే ఒక వైరస్ జ్వరం కూడా ఉంది. దాని పేరులోనే వసంతం ఉంది, స్ప్రింగ్ వైరేమియా. నీరు 11 నుంచి 17 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఎక్కువగా కనబడుతుంది. పొట్ట ఉబ్బడం, కళ్లు పొడుచుకురావడం, చర్మం మీద రక్తపు చుక్కలు, వరుసగా చేపలు చనిపోవడం జరిగితే సొంత వైద్యం చేయకుండా చేపల వ్యాధులు తెలిసిన పశువైద్యుణ్ణి పిలవండి. చాలా దేశాల్లో దీని గురించి అధికారులకు తెలపడం తప్పనిసరి. ఈ కారణంగానే వసంతం మొదట్లో కొత్త చేపను తెచ్చి నేరుగా కొలనులో వదలకూడదు. కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, దాన్నీ ఇలాగే గమనించండి.

ఒక చేప చనిపోయి తేలడం కూడా మీరు చూడవచ్చు. అది ఆ రోజే పోయిందని అనుకోకండి. చల్లటి నీటిలో చనిపోయిన చేప త్వరగా కుళ్లదు, ఉబ్బదు, అడుగునే ఉంటుంది. నీరు వెచ్చబడ్డాక తేలుతుంది. అది చలికాలంలో ఎప్పుడో జరిగిన మరణం కావచ్చు. వెంటనే తీసేసి, మిగిలినవాటిని లెక్కపెట్టి, వాటి మొప్పల కదలికను చూడండి. అవి బాగుంటే నీటిలో మందులు కలపవద్దు.

తరుముకోవడం మొదలైనప్పుడు

నీరు 18, 20 డిగ్రీలకు చేరాక ఒక ఉదయం కొలను అల్లకల్లోలంగా ఉంటుంది. రెండు మూడు మగ చేపలు ఒక లావాటి ఆడచేపను వెంటాడుతూ, పక్కటెముకలకు మూతులతో పొడుస్తూ, లోతు తక్కువ నీటిలోని మొక్కల్లోకి తోసుకుంటూ పోతాయి. నీరు గట్టు దాటి చిమ్ముతుంది. కొట్లాట అనుకుని విడదీయబోకండి. ఆడచేప మరీ అలసి పక్కకు ఒరిగితేనో, పొలుసులు ఊడేలా గాయపడితేనో దాన్ని పెద్ద బక్కెట్లో కొన్ని గంటలు పక్కన ఉంచండి. రాళ్ల పదును అంచులు ఏవైనా ఉంటే ఈ సందడికి ముందే తీసేయాలి. ఆ రోజు మేత వేయవద్దు. గుడ్ల వల్ల, మగ చేపల వీర్యం వల్ల నీటిలో నురగ లేస్తుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి పంపు నడుస్తూ ఉండాలి.

మధ్యాహ్నానికి అంతా సద్దుమణిగాక మొక్కల వేళ్లు, ఆకుల అడుగు భాగం చూడండి. ఆవగింజ కంటే చిన్నగా, తేనెరంగులో, పారదర్శకంగా అంటుకుని ఉన్న గుడ్లు కనిపిస్తాయి. కన్న చేపలే వాటిని తింటూ తిరుగుతుంటాయి. పిల్లలు కావాలనుకుంటే అప్పుడే ఒక గుప్పెడు మొక్కలను తీసి, కొలను నీరే నింపిన తొట్టిలో ఉంచండి. మర్నాటికి కొన్ని గుడ్లు పాలలా తెల్లబడతాయి. అవి ఫలించనివి, బూజు పట్టకముందే తీసేయాలి. మిగిలినవాటిలో రెండో మూడో రోజుకు రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి కళ్లు. భూతద్దం పెడితే లోపలి జీవి తోక విదిలించడం కూడా తెలుస్తుంది.

20 డిగ్రీల దగ్గర నీరు నిలకడగా ఉంటే సుమారు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. మొదటి రెండు రోజులు అవి ఈదవు. కనురెప్ప వెంట్రుక ముక్కల్లా ఆకులకు, తొట్టి గోడలకు అంటుకుని వేలాడతాయి. పొట్ట కింది పచ్చసొన సంచే వాటి భోజనం, మీరు ఏమీ వేయనక్కర్లేదు. అవి గోడను వదిలి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన పూట, కొలనులోని పంపు మూతికి మెత్తని స్పాంజీ తొడిగారో లేదో చూసుకోండి. మీరు తీయకుండా మిగిలిన గుడ్ల నుంచి పుట్టినవి కూడా దాదాపు అదే సమయానికి ఈదడం మొదలుపెడతాయి.